ఒక్క టెలిస్కోప్ వద్దు, ఆరు బైనాక్యులర్లు కావాలి



పోస్టు పెద్దది. ఆదివారం సర్వసభ్య సమావేశానికి వచ్చేముందు దయచేసి చివరిదాకా చదవండి. చదివాక మమ్మల్ని తిట్టాలనిపిస్తే సమావేశంలోనే తిట్టండి, వెనకాల వద్దు.

ముందుగా ఒక ప్రశ్న. మీ పెళ్ళిలో మీకు అరుంధతి కనిపించిందా?

నిజం చెప్పండి. పట్టపగలు ముహూర్తం, తల మీద షామియానా, కళ్ళలో హోమం పొగ. పురోహితుడు చెయ్యెత్తి అదిగో అరుంధతి అన్నాడు. మనం తలెత్తి షామియానా గుడ్డను చూసి, కనిపించింది అన్నాం. కాపురంలో ఆడిన మొదటి అబద్ధం అదే, అది కూడా ఇద్దరం కలిసి ఆడాం. ఇక్కడ మన చుట్టూ ఉన్న తమిళుల పెళ్ళిళ్ళలోనూ సన్నికల్లు తొక్కించి అరుంధతిని చూపిస్తారు. వాళ్ళూ మనలాగే తలూపుతారు. ఈ విషయంలో హొసూరులో భాషా భేదం లేదు.

అరుంధతి ఎక్కడికీ పోలేదు. సప్తర్షి మండలం తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, ఆయన్ను ఆనుకుని సన్నగా ఉండేది అరుంధతి. చీకటి ఉన్నచోట మంచి చూపున్నవాళ్ళకు మామూలు కంటికే కనిపిస్తుంది. మన ఊళ్ళో వీధిదీపాల మధ్య, మన కళ్ళద్దాలతో, కష్టం. చిన్న బైనాక్యులర్ పెట్టుకుంటే ఆమె ఆయన పక్కన విడిగా, తేటగా నిలబడి ఉంటుంది. తాళి కట్టిన ముప్పై ఏళ్ళకు మాలో ఒక దంపతులు ఆమెను నిజంగా చూశారు. ఆ రాత్రి సంగతి చెప్పడానికే ఈ పోస్టు.

అంతకంటే ముందు సమావేశం సంగతి. మన సంఘంలో ఒక పెద్దాయన తన భార్య జ్ఞాపకార్థం పిల్లల కోసం విరాళం ఇచ్చారు. ఆయనకు చేతులెత్తి నమస్కారం. ఆ డబ్బుతో ఒక పెద్ద టెలిస్కోప్ కొని సంఘ భవనం మేడ మీద పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదన. మేము, అంటే ఏటా శివరాత్రి జాగరణకు ఆ మేడ మీద కూర్చునే ఏడెనిమిది మందిమి, ఆ ప్రతిపాదనను వ్యతిరేకిస్తున్నాం. మా అభ్యంతరం విరాళం మీద కాదు, పిల్లలకు ఆకాశం చూపించాలన్న కోరిక మీద కాదు. కొనబోయే వస్తువు మీద.

మేము ఈ మాట అనడానికి మాకేం అర్హత అంటారేమో. మా అర్హత మా తప్పే. కొన్నేళ్ళ కిందట ఉగాది పోటీల్లో గెలిచిన పిల్లలకు బొమ్మ టెలిస్కోపులు బహుమతిగా ఇచ్చాం. ఆ తీర్మానానికి చెయ్యెత్తినవాళ్ళలో మేమూ ఉన్నాం. పెట్టె మీద శనిగ్రహం రంగుల బొమ్మ, పక్కనే పెద్ద అక్షరాల్లో 675 రెట్లు అని. ముందు అద్దం చూస్తే 60 మిల్లీమీటర్లు. ఏ టెలిస్కోప్‌కైనా ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపుదాకానే పెద్దది చేసి చూడటంలో అర్థముంటుంది. అంటే 60కి 120. ఆపైన ఎంత పెంచినా బొమ్మ పెద్దదవుతుంది, మసకబారుతుంది, కొత్తగా ఏమీ కనిపించదు. ఇది మాకు ఆ రోజు తెలియదు. సన్నకాళ్ళ స్టాండు మీద గాలికి గొట్టం ఊగింది. పిల్లలు ఒక వారం చందమామ కోసం వెతికారు. దొరికినప్పుడల్లా అది జారిపోయింది. తర్వాత ఆ గొట్టాలు అటకెక్కాయి. పిల్లలు నేర్చుకున్న పాఠం ఒక్కటే: ఆకాశం చూడటం మనవల్ల కాదు. ఆ పాఠం నేర్పింది మనం.

ఈసారి కొనేది బొమ్మ కాదు, మంచిదే కదా అంటారు. ఒప్పుకుంటాం. అందుకే లెక్క మంచి టెలిస్కోప్‌తోనే వేద్దాం.

ఆ రోజు మేడ మీదికి అరవై మంది వచ్చారనుకోండి. ఉగాదికీ దసరాకీ అంతకంటే ఎక్కువే వస్తారు. మనిషికి ఒక్క నిమిషం ఇస్తే గంట. చివర్లో ఉన్న పిల్లవాడు ఒక్క నిమిషం కోసం గంట నిలబడాలి. ఆ నిమిషంలో సగం ఏ కన్ను మూయాలో తెలుసుకోవడానికే సరిపోతుంది. ఈలోగా భూమి ఊరుకోదు. గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. వంద రెట్లు పెద్దది చేసే టెలిస్కోప్‌లో మనకు కనిపించే ఆకాశం సుమారు అర డిగ్రీ. అంటే గురుగ్రహం ఒక అంచున వచ్చి రెండు నిమిషాల్లో రెండో అంచు దాటిపోతుంది. తిప్పే మోటారు లేకపోతే ఇద్దరు చూసేసరికి మళ్ళీ సరిచెయ్యాలి. సరిచెయ్యడం తెలిసినవాడు మన సంఘంలో ఒకడే ఉంటాడు, అతనికి ఆ రోజే బెంగళూరులో షిఫ్ట్ పడుతుంది.

10 రెట్ల బైనాక్యులర్‌లో కనిపించే ఆకాశం ఆరు డిగ్రీలకు పైనే. పక్కపక్కన పన్నెండు పున్నమి చంద్రుళ్ళు పట్టేంత వెడల్పు. వెతకక్కర్లేదు, కంటితో చూసినవైపే ఎత్తి పెట్టుకుంటే చాలు. గొట్టంలోంచి చూస్తే తలకిందులయ్యే బొమ్మ ఇందులో నిటారుగా ఉంటుంది. రెండు కళ్ళూ పని చేస్తాయి. ఆరు జతలుంటే అరవై మందిలో ఒక్కొక్కరికి పదిమందికి ఒకటి చొప్పున వస్తుంది. వాళ్ళు వరసలో నిలబడరు, గుంపులుగా కూర్చుంటారు. ఒకరు చూస్తుంటే మిగిలినవాళ్ళు మాట్లాడుకుంటారు. ఏ భాషలో? ఇక్కడే మా అసలు వాదన ఉంది.

రెండేళ్ళ కిందటి శివరాత్రి. శివరాత్రి అంటే బహుళ చతుర్దశి, మర్నాడు అమావాస్య. రాత్రంతా చంద్రుడు అడ్డురాడు. మనవాళ్ళు రాత్రంతా మేలుకోవాలని చెప్పిన పండగ, ఆకాశం చూడటానికి ఎంత బాగా కుదిరిందో చూడండి. మాలో ఒకరి దగ్గర పాత 10×50 బైనాక్యులర్ ఉంది, పక్షులను చూడటానికి కొన్నది. జాగరణకు వస్తూ తెచ్చారు. ఎనిమిది గంటలకు పడమటివైపు కృత్తికలు పైనే ఉన్నాయి. ఎనభై దాటిన ఒక అవ్వకు పెట్టి చూపించాం. కుర్చీలో వెనక్కి ఆనించి, మోచేతుల కింద దిండ్లు పెట్టి, చక్రం తిప్పి సరిచేశాం. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్కసారిగా,

“ఏమప్పా ఇది, పిల్లలకోడికి ఇన్ని పిల్లలా! మేము ఆరే కదా లెక్కబెడతా ఉంటిమి.”

పక్కనున్న ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు: “పిల్లలకోడి అంటే ఏమవ్వా?”

“అదే రా, అదే. కోడి పిల్లల్ని ఏసుకొని పోతా ఉండేది కానరాలేదా నీకు?”

వాడు బైనాక్యులర్ లాక్కున్నంత పని చేశాడు. ఆ తర్వాత రాత్రంతా వాడు ఆవిడ కుర్చీ వదల్లేదు. అదేమిటి, ఇదేమిటి అని వాడు అడగటం, ఆవిడ చెప్పటం. రాగి కోతల కాలంలో ఏ చుక్క ఎక్కడుంటే పొలానికి బయలుదేరేవాళ్ళో చెప్పింది. వేగుచుక్క చూసి బండి కట్టిన సంగతి చెప్పింది. వాడు ఇంట్లో తెలుగు అంతసేపు మాట్లాడటం తానెప్పుడూ వినలేదని వాళ్ళమ్మ మాతో అంది.

తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో సప్తర్షులు ఉత్తరాన బాగా పైకెక్కారు. ఆ దంపతులు అరుంధతిని చూసింది అప్పుడే. “ఇన్నాళ్ళూ ఊరికే తలూపాను” అని ఆవిడ నవ్వింది. అప్పుడే వెనక్కి తిరిగి దక్షిణం చూశాం. ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు అక్కడ దిగంతం మీద ముప్పై డిగ్రీల ఎత్తున ఉంది. సుమారు కోటి నక్షత్రాలు ఒక్కచోట ముద్దకట్టి ఉన్న గుంపు అది, పదిహేడు వేల కాంతి సంవత్సరాల దూరంలో. బైనాక్యులర్‌లో పిండి చల్లినట్టు ఒక గుండ్రటి మసక వెలుగు. అరుంధతి, ఇదీ ఆకాశంలో దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. ఆమె ఉత్తరాన పైకెక్కే వేళకే ఇది దక్షిణాన పైకెక్కుతుంది. యూరప్‌లో చాలా ఊళ్ళకు ఇది ఎప్పటికీ ఉదయించదు. హొసూరు దక్షిణాన ఉండటం వల్ల మనకు బాగా ఎత్తున కనిపిస్తుంది. యానాం, షోలాపూర్, బరంపురం మిత్రులకు కాస్త కిందుగా, కానీ కనిపిస్తుంది. మే నెలాఖరులో అయితే రాత్రి తొమ్మిది గంటలకే చూడొచ్చు, జాగరణ అక్కర్లేదు.

ఆ అవ్వ ఈ ఏడాది జాగరణకు లేరు. ఆవిడ చెప్పినవాటిలో ఆ పిల్లవాడికి గుర్తున్నవి మిగిలాయి. మిగతావి ఆవిడతోనే పోయాయి, మేమెవరం రాసుకోలేదు.

2006 చట్టం తర్వాత ఈ రాష్ట్రంలో మన పిల్లల బడిలో తమిళం తప్పనిసరి. దాని మీద మన సంఘం వాదన వేరే ఉంది, ఇక్కడ కలపం. తమిళం రావడం పిల్లలకు మంచిదే. కానీ పిల్లలకోడి అనే మాట ఏ బడిలోనూ రాదు. అది అవ్వ నోటినుంచి పిల్లవాడి చెవికి పోవాలి. అలా పోవాలంటే ఇద్దరూ ఒకే చుక్కను చూస్తూ పక్కపక్కన కూర్చోవాలి. టెలిస్కోప్ దగ్గర ఒక్కరికే చోటు. మోకాళ్ళ నొప్పులున్న అవ్వ ఆ వరసలో గంట నిలబడదు, గొట్టం దగ్గర వంగదు. ఆమె కిందే కూర్చుని, మీరు చూడండమ్మా, నాకేం కానొస్తుంది అంటుంది. ఆ పరికరం వల్ల మేడ మీదికి రానిది ఎవరో, మనకు ఎవరు రావడం ముఖ్యమో, వాళ్ళే.

సరే, బైనాక్యులర్ అంటే ఏదైనా ఫర్వాలేదా? లేదు. ఇక్కడ మోసపోతే మళ్ళీ 675 కథే. కాబట్టి ఓపిక పట్టి ఈ నాలుగు సంగతులు తెలుసుకోండి.

బైనాక్యులర్ మీద రెండు అంకెలుంటాయి. 10×50 అంటే మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో. దుకాణంలో అందరూ మొదటి అంకె అడుగుతారు. ఆకాశానికి ముఖ్యం రెండోది, ఎందుకంటే వెలుగు పోగుచేసేది ముందు అద్దం. చీకట్లో బాగా విచ్చుకున్న మన కంటిపాప 7 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల అద్దం దానికి సుమారు యాభై రెట్లు వెలుగు పట్టుకుంటుంది. ఆరు చుక్కల పిల్లలకోడి పదుల చుక్కలైంది అందుకే.

ఇప్పుడు రెండో అంకెను మొదటి అంకెతో భాగించండి. 10×50కి 5. 8×42కి 5కు కాస్త పైన. 7×50కి 7. బైనాక్యులర్ వెనకనుంచి మన కంట్లోకి వచ్చే వెలుగు బిళ్ళ వ్యాసం అది, మిల్లీమీటర్లలో. కుర్రవాళ్ళ కంటిపాప ఏడుదాకా విచ్చుకుంటుంది. యాభై దాటాక చాలామందికి ఐదు దగ్గరే ఆగిపోతుంది. అంటే మాలాంటివాళ్ళు 7×50 పెట్టుకుంటే వచ్చిన వెలుగులో కొంత కంటిపాప బయటే పడుతుంది. పైగా మన ఉత్తరపు ఆకాశంలో బెంగళూరు వెలుగు రాత్రంతా తెల్లగా కాస్తూనే ఉంటుంది. అలాంటిచోట 10×50 ఆకాశాన్ని కాస్త నల్లగా చూపిస్తుంది, చుక్కలు తేలుతాయి. అంచెట్టి అడవులవైపో, జవ్వాది కొండలకో పోతే 7×50 బాగుంటుంది. పిల్లలకూ పెద్దవాళ్ళకూ 8×42 మేలు, బరువు తక్కువ, చెయ్యి వణికినా బొమ్మ అంతగా వణకదు.

పది రెట్లకు మించితే చేత్తో పట్టుకోలేం. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదవుతుంది. 15×70, 20×80 గొప్ప వస్తువులే, కానీ స్టాండు లేనిదే పనికిరావు. స్టాండెక్కితే మళ్ళీ వరస మొదలవుతుంది. అంకె తిప్పి 10 నుంచి 30 దాకా పెంచుకునే జూమ్ రకాలు అసలే వద్దు. చూడటానికి ఒకే డబ్బుకు మూడు వస్తువులు, చూస్తే ఒక్కటీ సరిగా ఉండదు.

దుకాణంలో చెయ్యాల్సిన పరీక్షలు చెబుతాం. జేబులో స్కూలు స్కేలు పెట్టుకుని వెళ్ళండి. ముందు అద్దాన్ని కొలవండి. 50 అని రాసి ఉండి అద్దం మూడు సెంటీమీటర్లు కూడా లేకపోతే నమస్కారం పెట్టి బయటికి వచ్చెయ్యండి. జాతర్లలోనూ ఆన్‌లైన్‌లోనూ 30×60 అని, నైట్ విజన్ అని అమ్మే అరచేతి వస్తువుల్లో చాలావాటి గుట్టు ఈ స్కేలుతో బయటపడుతుంది. ముందు అద్దం ఎర్రగా రూబీలా మెరిస్తే వద్దు, అది వెలుగును వెనక్కి కొడుతోందని అర్థం. మంచి పూత ఉన్న అద్దం లేత ఆకుపచ్చగానో ఊదాగానో మసగ్గా మెరుస్తుంది, మీ ముఖం అందులో స్పష్టంగా కనిపించదు.

తర్వాత బైనాక్యులర్‌ను కంటికి అడుగు దూరంలో పట్టుకుని వెలుతురున్న గోడవైపు తిప్పండి. కంటి అద్దాల్లో చిన్న వెలుగు బిళ్ళలు కనిపిస్తాయి. గుండ్రంగా ఉంటే లోపలి పట్టకాలు మంచివి, వాటినే బీఏకే-4 అంటారు. అంచులు కోసినట్టు నలుచదరంగా ఉంటే తక్కువ రకం. ఆపైన దూరంగా ఉన్న సెల్ టవర్‌ను చూడండి. రెండు కళ్ళతో ఒకే టవర్ కనిపించాలి. రెండుగా విడిపోతున్నా, నిమిషం చూసేసరికి నుదురు లాగుతున్నా రెండు గొట్టాలూ ఒకే దారిలో లేవన్నమాట. ఎంత తగ్గింపు ఇచ్చినా తీసుకోవద్దు.

కళ్ళద్దాలున్నవాళ్ళు పెట్టె మీద ఐ రిలీఫ్ అనే అంకె చూడాలి. 15 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే అద్దాలు తియ్యకుండానే చూడొచ్చు. ఇక పిల్లలు. వాళ్ళ రెండు కళ్ళ మధ్య దూరం తక్కువ. బైనాక్యులర్ మధ్య మడతను పూర్తిగా మూసి పిల్లవాడి కళ్ళకు పెట్టి చూడండి. వాడికి రెండు గుండ్రాలు కలిసి ఒకటి కాకపోతే అది వాడిది కాదు. కొనేరోజు ఒక పిల్లవాడినీ ఒక అవ్వనూ దుకాణానికి తీసుకెళ్ళాలని మా ప్రతిపాదన. కార్యవర్గం కంటికి సరిపడితే సరిపోదు.

మాకు ఎదురొచ్చిన వాదనలకు ఇప్పుడు వరసగా జవాబు.

శని వలయాలు కనిపించవు కదా అన్నారు. నిజం. పది రెట్లలో వలయం విడిగా కనిపించదు, శని కాస్త సాగిన చుక్కలా ఉంటుంది. మేము అబద్ధం చెప్పం. కానీ గురుగ్రహం పక్కన నాలుగు చంద్రుళ్ళు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో చూసినవి అవే. ఈ రాత్రి ఒక వరసలో, రేపు రాత్రి ఇంకో వరసలో ఉంటాయి. మోచేతులు గోడ మీద ఆనించి చూస్తే చాలు. చంద్రుడి మీద సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగూ నీడా కలిసే గీత వెంట గుంతలు కనిపిస్తాయి. కార్తీకంలో ఆండ్రోమెడా గెలాక్సీ కనిపిస్తుంది, ఇరవై అయిదు లక్షల కాంతి సంవత్సరాల దూరం. శని వలయం ఒక రాత్రి అద్భుతం. ఇవి ఏడాది పొడవునా పని.

ఇంకో సంగతి. మన పిల్లలందరికీ జన్మనక్షత్రం నోటికొచ్చు. గుళ్ళో అర్చనకు గోత్రం, నక్షత్రం టకటకా చెబుతారు. ఆ నక్షత్రాన్ని చూసినవాళ్ళు ఎందరు? రోహిణి ఎర్రటి పెద్ద చుక్క, దాని చుట్టూ వి ఆకారంలో ఒక గుంపు బైనాక్యులర్‌లో నిండుగా పడుతుంది. పుష్యమి పక్కనే తేనెపట్టులాంటి గుంపు ఉంది, కంటికి మసక, బైనాక్యులర్‌కు ముత్యాలు. జ్యేష్ఠ ఎరుపు, చిత్త నీలం కలిసిన తెలుపు, స్వాతి నారింజ. ఆ రంగులు అద్దంలో తేలతాయి. నీ నక్షత్రం ఇదిరా అని చూపించడానికి ఇంతకంటే మంచి పుట్టినరోజు కానుక మాకు తోచలేదు. దానికి టెలిస్కోప్ అక్కర్లేదు.

మొబైల్‌లో యాప్ ఉంది కదా అన్నారు. ఉంది, వాడండి, ఏ చుక్క ఎటువైపో చెబుతుంది. కానీ దాని వెలుగుకు కన్ను మళ్ళీ చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పైగా యాప్‌లో ఉన్నది ప్లయడీస్, పిల్లలకోడి కాదు.

పగిలిపోతాయి, పోతాయి అన్నారు. ఒకటో రెండో పోవచ్చు. ఆరింటిలో ఒకటి పోతే ఐదుంటాయి. ఒక్కటే ఉన్నది చెడిపోతే ఏముంటుంది? ఇంకో మాట. టెలిస్కోప్ తాళంలో ఉంటుంది, తాళం కార్యదర్శి దగ్గర ఉంటుంది, కార్యదర్శి ఊళ్ళో ఉండరు. గ్రంథాలయం పుస్తకంలా రిజిస్టర్‌లో సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్ళగలిగేది బైనాక్యులరే.

సంఘానికి హోదా కావాలి కదా, చుట్టుపక్కల ఎవరికీ లేని టెలిస్కోప్ మనకుండాలి కదా అన్నారు. ఈ వాదనే మాకు ఎక్కువ బాధ కలిగించింది. పెద్ద టెలిస్కోప్ కావాలంటే మన పక్క జిల్లాలోనే ఉంది. తిరుపత్తూరు జిల్లా జవ్వాది కొండల్లో కావలూరు. అక్కడున్నది 2.3 మీటర్ల అద్దం. 1986లో దానికి వేణు బాప్పు పేరు పెట్టారు. బాప్పు తెలుగువాడు కాదు, మలయాళీ కుటుంబం, కానీ చదువుకున్నది హైదరాబాద్‌లో. ఆయన తండ్రి అక్కడి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. పిల్లల్ని బస్సు కట్టి కావలూరు తీసుకెళ్దాం, ఆ ఖర్చుకు మేమూ చందా వేస్తాం. దేశానికి అక్కడ పెద్ద కన్ను ఉంది. మన మేడకు కావలసింది దాని బొమ్మ నమూనా కాదు.

సాధనం పెద్దదైతేనే చూపు పెద్దదవుతుందన్నది ఎప్పుడూ నిజం కాదు. ఒడిశాలో ఖండపడాకు చెందిన పఠాణి సామంత వెదురుతో, కర్రతో తానే చేసుకున్న సాధనాలతో, అద్దమే లేకుండా ఆకాశాన్ని కొలిచారు. ఆయన సిద్ధాంత దర్పణం 1899లో అచ్చయింది. బరంపురం మిత్రులకు ఈ పేరు మేము చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్‌లో జార్జ్ ఆల్కాక్ అనే బడిపంతులు బైనాక్యులర్లతో ఐదు తోకచుక్కలనూ ఐదు నోవాలనూ కనిపెట్టాడు. 1983లో ఒకదాన్ని ఇంట్లో కూర్చుని కిటికీ అద్దంలోంచే పట్టాడు. వేల చుక్కల స్థానాలు అతనికి కంఠస్థం. మన అవ్వలూ తాతలూ కొన్ని పదుల చుక్కలను కంఠస్థం చేసినవాళ్ళే. తేడా ఒక్కటే, మనం వాళ్ళను అడగలేదు.

కాబట్టి ఆదివారం మేము పెట్టబోయే సవరణ ఇది. 8×42 నాలుగు, 10×50 రెండు కొనాలి. ఒక మామూలు కెమెరా స్టాండు, దానికి బైనాక్యులర్ బిగించే బిళ్ళ ఒకటి. రెండు వాలుకుర్చీలు. ఇవన్నీ కలిపినా కార్యవర్గం తెచ్చిన టెలిస్కోప్ కొటేషన్‌లో సగానికి తక్కువే అవుతోంది, మేము మూడు చోట్ల విచారించాం, కాగితాలు సమావేశానికి తెస్తాం. మిగిలినదాన్ని విడిగా ఉంచి ఏటా ఒక జత కొనాలి. ప్రతి పెట్టె మీదా దాత భార్య పేరు ఉండాలి. మేడ మీద ఒక్క ఫలకం కంటే ఇళ్ళిళ్ళూ తిరిగే ఆరు పెట్టెల మీద ఆవిడ పేరు ఎక్కువమంది చదువుతారు. ఈ మాట దాతతో ముందే చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, “ఆమెకూ మోకాళ్ళ నొప్పులే, మేడెక్కినా వరసలో నిలబడేది కాదు” అన్నారు. నిర్ణయం సంఘానిదే అని కూడా అన్నారు.

చూసుకోవడానికి నియమాలు మూడే. సూర్యుడివైపు ఎప్పుడూ తిప్పకూడదు, ఒక్క క్షణం కూడా, కళ్ళు పోతాయి. పిల్లలకు ఇచ్చేముందు ప్రతిసారీ చెప్పాలి. అద్దాలను చీర చెంగుతోనో కండువాతోనో తుడవకూడదు, ముందు దుమ్ము ఊదెయ్యాలి. వానాకాలంలో అద్దాలకు బూజు పడుతుంది కాబట్టి మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి.

వీటితోపాటు ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనాలి. అది మా సవరణలో అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ముఖ్యమైనది. బైనాక్యులర్ తీసుకెళ్ళిన ప్రతి ఇంటివాళ్ళూ తిరిగి ఇచ్చేటప్పుడు, తమ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ చుక్కను ఏమని పిలిచేవాళ్ళో అందులో రాయాలి. గొల్లకావడి అంటే మీ ఇంట్లో ఏ మూడు చుక్కలు? మంచం కోళ్ళు ఎవరైనా చూపించారా? పాలపుంతను మీ ఊళ్ళో ఏమనేవాళ్ళు? ఒకరి మాట ఇంకొకరితో కలవకపోతే ఇంకా మంచిది, రెండూ రాయండి. పోట్లాట ఉగాదికి పెట్టుకుందాం.

మాకు తెలుసు, టెలిస్కోప్ ఫొటోలో బాగా వస్తుంది. రిబ్బన్ కట్ చెయ్యొచ్చు. ఆరు నల్ల పెట్టెలకు రిబ్బన్ కట్టలేం. కానీ వచ్చే శివరాత్రికి మేడ మీద ఆరు గుంపులు కూర్చుని, ప్రతి గుంపులో ఒక పెద్ద దిక్కు ఉండి, ఆ మధ్యలో ఒక పిల్లవాడు ఇదేమిటవ్వా అని అడగాలని మా కోరిక. అడిగేవాడు ఉన్నాడు, మేము చూశాం. చెప్పేవాళ్ళు ఏడాదికేడాదికి తగ్గుతున్నారు.

ఆదివారం ఉదయం పది గంటలకు సమావేశం. సవరణకు చెయ్యెత్తండి. వచ్చేటప్పుడు ఇంట్లో అవ్వనో తాతనో వెంటబెట్టుకు రండి. పాత 10×50 మేము తెస్తాం, దూరంగా సెల్ టవర్ ఉంది, ఎవరికి వారు పరీక్షించుకోండి.